పచ్చ పందిరి కింద ఎర్ర మిరపకాయ

ఆ అడవిలో జంతువులు మిరప తోటలు వేసేవి. గడ్డి మేసే గేదెకి, దుంపలు తవ్వుకునే అడవిపందికి మిరపకాయతో ఏం పని అని అడక్కండి. పని వాటికి కాదు, పులిదొరకి. కారం పట్టించందే దొరగారికి మాంసం ముక్క గొంతు దిగదు. అంటే తమని వండుకోవడానికి కావలసిన కారాన్ని తామే పండించి, తామే ఎండబెట్టి, తామే మోసుకెళ్ళి ఇచ్చేవన్నమాట. ఇంత చక్కటి ఏర్పాటుకి పెద్దలు క్రమశిక్షణ అని పేరు పెట్టారు.

ఊరికే కాదు లెండి. దొరగారు బదులుగా ఒక మాట ఇచ్చారు. గుట్ట మీది రాతిపై గోళ్ళతో గీసి మరీ ఇచ్చారు. ఎవరి కాయ ఎర్రగా ఉంటే వాళ్ళు వానాకాలమంతా గుట్ట మీది పొడి గుహల్లో ఉండొచ్చు, అక్కడ పులి వాళ్ళని ముట్టదు. ఎవరి కాయ తాలు అయితే, అంటే రంగు చచ్చి పనికిరాకుండా పోతే, వాళ్ళు కింద చిత్తడి నేలలో ఉండాలి. వానల్లో బురదలో కాళ్ళు దిగబడిన జంతువుని పట్టుకోవడానికి పులి పరిగెత్తక్కర్లేదు. ఆవలిస్తూ నడిచి వెళ్తే చాలు.

ఏది ఎరుపో ఏది తాలో తేల్చే అధికారం నక్క పానకాలుది. గుట్ట కింద యార్డు పెట్టి, మనుషుల తిరనాళ్ళలో ఎత్తుకొచ్చిన రెండు టార్పాలిన్ పట్టాలతో రెండు పందిళ్ళు వేశాడు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి ఎర్రది. కోతుల బస్తాలు ఎర్ర పందిరి కిందికి వెళ్ళేవి. మిగతా అడవి మొత్తం పచ్చ పందిరి కిందికి. ఎందుకలా అంటే, "కొమ్మల మీద ఉండేవాళ్ళకి వేరే లైను" అనేవాడు. ఏటా కోతుల కాయే ఎరుపని తేలేది. తమాషా ఏమిటంటే కోతులు గుహల్లోకి వెళ్ళేవి కావు, వాటికి చెట్లే హాయి. పొడి గుహలన్నీ వానాకాలమంతా ఖాళీగా పడుండేవి. ఒక దాంట్లో మాత్రం పానకాలు కాలు మీద కాలేసుకుని పడుకునేవాడు.

మృగశిర కార్తె నాలుగు రోజుల్లో ఉందనగా గేదె కాశెమ్మ వంతు వచ్చింది. ఆమె బస్తాని హమాలీ గుర్నాథం మోసుకొచ్చి పచ్చ పందిరి కింద దించాడు. గుర్నాథం గాడిద. యార్డు పుట్టినప్పట్నించీ మోత వాడిదే. "నువ్వు మోసినంత కాలం నిన్నెవరూ తినరు. నోరు విప్పిన రోజున ఏమవుతుందో మాత్రం నేను చెప్పలేను" అని పానకాలు మొదటి రోజే చెప్పాడు. అందుకని గుర్నాథం మోసేవాడు, నోరు విప్పేవాడు కాదు.

పళ్ళతో బస్తా మూతి తాడు లాగాడు. పానకాలు గుప్పెడు కాయ పైకెత్తాడు. కాయ నల్లగా, పొయ్యిలో పడి మాడినట్టు ఉంది.

"ఇదేం పంటమ్మా కాశెమ్మా? బొగ్గులు పండించావా?"

"అయ్యో, కల్లంలో ఎర్రగా ఉందయ్యా! పొద్దున నేనే ఏరి కట్టాను. మందారప్పువ్వులా ఉంది."

"మరి ఇప్పుడెలా ఉంది? నేను చెప్పను. నీ కళ్ళతో నువ్వే చూసి చెప్పు. ఇక్కడ దాపరికం లేదు."

కాశెమ్మ కాయని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. చివరికి తల దించుకుంది.

"నల్లగానే ఉందయ్యా."

"విన్నారా అందరూ? పండించినామే ఒప్పుకుంది. తాలు!"

"అయ్యా, దూడ పుట్టి పన్నెండు రోజులే అయింది. ఇంకా కాళ్ళు నిలవట్లేదు. ఆ బురదలో వేస్తే ఒక్క పూట ఉండదు."

"రూలు నేను రాశానా తల్లీ? దొరగారు రాశారు. నేను రంగు చదువుతానంతే. తర్వాతెవరు?"

బయటికి వచ్చాక కాశెమ్మ గుర్నాథం పక్కన నిలబడింది. ఏడవలేదు. ఏడ్చుంటే వాడికి తేలిగ్గా ఉండేది.

"తమ్ముడూ, తప్పు నా కళ్ళదే అనుకుంటా. ఈనిన తర్వాత చూపు మందగిస్తుందంటారు. కల్లంలో నాకు ఎర్రగా కనబడిందంటే అది నా భ్రమే."

"పోయినేడు కూడా ఎర్రగానే కనబడిందన్నావు కదక్కా."

"పోయినేడు కూడా భ్రమే అయ్యుంటుంది," అంది కాశెమ్మ.

పోయినేడు వానలు మొదలైన మూడో రోజే ఆమె దూడ పోయింది. పోయినేడు కూడా ఆ బస్తా మోసింది గుర్నాథమే.

తాలు అని తేలిన బస్తాలని యార్డు వెనకనున్న వాగు దాకా మోయడం కూడా వాడి పనే. అవతలి ఒడ్డున పక్క అడవి చిరుత మనుషులు, అంటే చిరుత పంపిన ముంగిసలు, వాటిని తీసుకుపోయి, బదులుగా పానకాలుకి ఒక తొడ ముక్క ఇచ్చి పోయేవి. పనికిరాని తాలు మీద ఆ చిరుతకి అంత మోజేమిటో గుర్నాథానికి ఎన్నడూ అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం వాడి పని కాదు కదా.

ఆ రోజు వాగు దారిలో కాశెమ్మ బస్తా మూల చిరిగి ఒక కాయ జారి ఎండలో పడింది.

గుర్నాథం ఆగాడు. కాయ ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు, చూస్తేనే తుమ్మొచ్చే ఎరుపు. పెదవులతో దాన్ని అందుకుని, ఎవరూ చూడకుండా పచ్చ పందిరి కిందికి వచ్చి నేల మీద పెట్టాడు. నలుపు. మళ్ళీ ఎండలోకి తెచ్చాడు. ఎరుపు. ఇదేదో కాయకి పట్టిన దయ్యం అనుకుని, సరిచూసుకుందామని పందిరి కింద తన నాలుకే బయటికి చాపి మెల్లకన్నుతో చూసుకున్నాడు. గులాబీ రంగు నాలుక చెరువు పాచిలా ఉంది. గుర్నాథం ఒక్క గెంతులో ఎండలో పడ్డాడు. తను చచ్చిపోయి కాసేపయిందని, ఎవరూ చెప్పలేదని అనుకున్నాడు. ఎండలో నాలుక మళ్ళీ గులాబీ రంగులోకి వచ్చింది.

అప్పుడు ఎర్ర పందిరి కిందికి వెళ్ళి కోతుల బస్తాలోంచి ఒక కాయ తీశాడు. కణకణలాడుతూ ఉంది. బయటికి తెస్తే ఎండిన గడ్డిపరక రంగు, పైగా బూజు. లోపలికి తీసుకెళ్తే మళ్ళీ కణకణ.

"నలభై అడుగుల్లో కాయ కుళ్ళి, మళ్ళీ బాగుపడి, మళ్ళీ కుళ్ళుతుందా? కాయ కాయలాగే ఉంది. పైనున్న పట్టా గుండా ఏ రంగు వెలుగు కారితే ఆ రంగు కథ చెబుతోంది," అనుకున్నాడు గుర్నాథం. ఇన్నేళ్ళు ఆ రెండు పందిళ్ళ మధ్య నడిచింది తనొక్కడే. పైకి చూసే తీరిక మాత్రం వీపు మీది బరువు ఇవ్వలేదు.

ఎవరికి చెప్పాలి? యార్డులో పోరాటం అనే మాట తెలిసిన ప్రాణి ఒక్కటే ఉంది. కోడిపుంజు. తల్లి పెట్టిన పేరు బుజ్జి. ఒక బహిరంగ సభ పక్కన పెంటకుప్ప మీద మూడు రోజులు మైకు విన్న తర్వాత తన పేరు ప్రభంజన్ అని మార్చుకున్నాడు. ఎప్పుడు చూసినా ఎర్ర పందిరి కిందే ఉండేవాడు.

"రా కామ్రేడ్ గుర్నాథం!" అన్నాడు ప్రభంజన్ రెక్క పైకెత్తి. "చూశావా? నేల ఎరుపు! బస్తా ఎరుపు! నువ్వూ ఎరుపే! నా ఉపన్యాసం సగంలో ఉండగానే మార్పు వచ్చేసింది!"

"అది పట్టా రంగు అన్నా."

"ఇదే, ఈ నిరాశావాదమే మన ప్రధాన శత్రువు. శ్రామిక చైతన్యం వర్ధిల్లాలి!"

"వర్ధిల్లుతుందిలే గానీ, ఒక్కసారి అటు పందిట్లోకి వచ్చి నీ తురాయి చూసుకో."

ప్రభంజన్ ఛాతీ విరుచుకుని నడిచి వెళ్ళి, పచ్చ పందిరి కింద నీళ్ళ తొట్టిలోకి వంగాడు. మరుక్షణం అరిచిన అరుపుకి తొట్టి పక్కనున్న కప్ప పల్టీ కొట్టింది.

"నా ఎర్ర తురాయి! నల్లబడింది! ఎవరి కుట్ర ఇది?"

"నీ తురాయికే అలా అయితే కాశెమ్మ కాయకి ఎలా ఉంటుంది?"

పుంజు ఇంకోసారి తొట్టిలోకి తొంగి చూశాడు. జీవితంలో మొదటిసారి వాడి గొంతు చిన్నదైంది.

"అయితే అక్కడ... ఆ ఎర్ర పందిట్లో... మన వైపు ఎవరూ రాలేదా?"

"లేదన్నా."

"మూడేళ్ళుగా ఎర్రగా కనబడ్డారు కదరా అందరూ!" అని ముక్కుతో నేల పొడిచాడు. తర్వాత తల ఎత్తాడు. "ఏం చెయ్యమంటావు?"

"నేను చెప్పినప్పుడు అరవాలి. చెప్పేదాకా అరవకూడదు."

"రెండోదే కష్టం," అన్నాడు ప్రభంజన్ నిజాయితీగా.

ఆ పూట నుంచి గుర్నాథం తాలు బస్తాలేవీ వాగు దాకా మోయలేదు, పొదల్లో దాచాడు. మర్నాడు కోతుల కాయ మోసుకుని పులిదొర గుహకి వెళ్ళాడు. లోపల ఎప్పుడూ పొయ్యి మండుతూ ఉంటుంది. మంట వెలుగులో ఎండుగడ్డి కూడా కాస్త ఎర్రగానే కనబడుతుంది. అందుకే దొరగారి కంటికి ఏ లోటూ తెలియలేదు. నాలుకకే తెలిసింది.

"ఏరా గాడిదా, ఇది కారమా, రంపపు పొట్టా? చూడ్డానికి ఎర్రగా ఉంది, తింటే మట్టిలా ఉంది. నిన్న అంత లేత దుప్పిని పాడుచేసుకున్నాను."

"నాకేం తెలుసు దొరా, మోసేవాణ్ణి." గుర్నాథం చెవులు వాల్చాడు. "ఒక్కసారి మీరే యార్డుకి వస్తే..."

"నేనా? ఆ దుమ్ములోకా?"

"నిజమే, వద్దు లెండి. పానకాలుగారు రోజూ అంటుంటారు, నా పందిరి కింద నిలబడితే ఎవరి అసలు రంగు వాళ్ళకి తేలిపోతుందని. మా యార్డు వాళ్ళందరికీ ఒకటే ఆశ దొరా. మీ బంగారు రంగు ఆ పందిరి కింద ఇంకెంత ధగధగలాడుతుందో ఒక్కసారి చూడాలని."

పులిదొర మీసం సవరించుకున్నాడు. తన తోక చివర ఒకసారి చూసుకున్నాడు.

"రేపు మిట్టమధ్యాహ్నం వస్తానని చెప్పు," అన్నాడు.

మిట్టమధ్యాహ్నానికి అడవి అడవంతా యార్డు చుట్టూ చేరింది. కాశెమ్మ దూడని పొట్ట కింద నిలబెట్టుకుని వెనకాల నిలబడింది. పానకాలు ఒళ్ళంతా నాక్కుని నిగనిగలాడుతున్నాడు.

"దయచేయండి ప్రభూ! ఇటు, ఎర్ర పందిరి కింద సింహాసనం వేయించాను."

"ఈ యార్డులో రంగు తేల్చేది ఏ పందిరి?"

"రెండూనండి, కానీ..."

"పెద్దవాళ్ళందరి కాయా తేల్చేది పచ్చ పందిట్లోనే దొరా," అన్నాడు గుర్నాథం. "కాశెమ్మ, అడవిపంది, దున్న, అందరిదీ. కోతులకి మాత్రమే ఇటు."

"నన్ను కోతుల లైనులో కూర్చోమంటావా పానకాలూ?" అని పులిదొర గిరుక్కున తిరిగి పచ్చ పందిరి కిందికి నడిచాడు.

పానకాలు కళ్ళు మూసుకున్నాడు.

పందిరి నీడ పడగానే బంగారం ఆరిపోయింది. నారింజ రంగు వెంట్రుకలు నాచు పట్టిన రాయిలా మురికి రంగులోకి దిగాయి. చారలు అందులో కలిసి మసకబారాయి. తెల్లటి గడ్డం గరికలా పచ్చబడింది. జంతువుల్లో ఒక్కటి కూడా ఊపిరి తీయలేదు. తియ్యాలనే ఉంది, తీస్తే నవ్వొస్తుందని భయం.

పులిదొర తన పంజా చూసుకున్నాడు. తిప్పి చూసుకున్నాడు. "పానకాలూ, నేనేం రంగు?"

గుర్నాథం గొంతు సవరించుకున్నాడు. పానకాలుని నేరుగా అడగడం యార్డు పుట్టిన నాలుగేళ్ళలో అదే మొదటిసారి. "చెప్పండి పానకాలుగారూ. ఈ పందిరి కింద ఏది కనబడితే అదే రంగు, ఇక మాట లేదు అని రూలు కదా. కాశెమ్మని కూడా తన కళ్ళతోనే చూసి చెప్పమన్నారు కదా."

పానకాలు లెక్క వేసుకున్నాడు. బంగారం అంటే పందిరి అబద్ధమని తేలుతుంది. నాచు అంటే తన తల తెగుతుంది. కానీ వాడు నక్క. రెండు క్షణాల్లో తేరుకున్నాడు.

"ప్రభూ! కాయకి వర్తించే రూలు రాజుకి వర్తిస్తుందా? మీ ముందు పందిరి సిగ్గుపడి తప్పు చెప్పింది. కాయల దగ్గర మాత్రం ఎన్నడూ తప్పు చెప్పలేదు."

పులిదొరకి ఈ జవాబు నచ్చింది. గడ్డం గోక్కున్నాడు. కాశెమ్మ దూడని పొట్ట కిందికి ఇంకాస్త లాక్కుంది.

"పందిరి దొరగారి దగ్గరే తప్పు చెప్పిందంటే," అన్నాడు గుర్నాథం, "మా దగ్గర చెప్పదన్న హామీ ఏముంది? ఒక్క బస్తా ఎండలో కుమ్మరిద్దాం దొరా."

"వద్దు! ఎండ తగిలితే రంగు దిగిపోతుంది! యార్డు రూలు!" అని పానకాలు అడ్డం పడ్డాడు.

పులిదొర మెల్లిగా బయటికి నడిచాడు. ఎండలో అడుగు పెట్టగానే ఒళ్ళు మళ్ళీ బంగారంలా భగ్గుమంది. తనని తాను తోక దాకా చూసుకున్నాడు.

"గుట్ట దగ్గర్నించి ఎండలోనే నడిచొచ్చాను. నా రంగు దిగిందా పానకాలూ?"

"ఇప్పుడు," అన్నాడు గుర్నాథం పుంజుతో.

"ఎండలోకి రండి!" అని ప్రభంజన్ పందిరి గుంజెక్కి అరిచాడు. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోని మొదటి నినాదం అది. "బస్తాలన్నీ ఎండలోకి తెండి!"

కాశెమ్మ బస్తా ఎండలో కుమ్మరించారు. నేల మంటుకున్నట్టు ఎరుపు. పక్కనే కోతుల బస్తా కుమ్మరించారు. ఎండుగడ్డి, బూజు. పులిదొర రెండూ నాలుకతో తాకాడు. రెండోదాన్ని ఉమ్మేశాడు. మొదటిదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదీ కారమంటే! ఇన్నాళ్ళూ ఇదెక్కడికి పోయింది?"

"వాగు అవతలికి దొరా. చిరుతగారి పొయ్యిలోకి," అన్నాడు గుర్నాథం. "మోసింది నేనే."

"పానకాలూ, వెళ్ళి ఆ పచ్చ పందిరి కింద నిలబడు," అన్నాడు పులిదొర. నక్క నిలబడింది. నాక్కుని నిగనిగలాడించిన ఒళ్ళు అడుగంటిన సంగటి రంగులోకి తిరిగింది. "ఎలా ఉన్నాడర్రా?"

"తాలు!" అంది అడవి మొత్తం.

"చిత్తడికి పో."

అడవిపంది బస్తా కుమ్మరించారు. ఎరుపు. దున్న బస్తా ఎరుపు. కుందేళ్ళు, దుప్పులు, మేకలు, ఒక్కొక్కటే తెచ్చి పోస్తుంటే ఎర్ర కుప్ప గుట్టలా లేచింది. ఒక్కో బస్తా రుచి చూసి, ముక్కు చీదుకుంటూ, కన్నీళ్ళు తుడుచుకుంటూ, పులిదొర ఆనందంగా అంటూనే ఉన్నాడు: "ఎరుపే! గుట్టెక్కు. నీదీ ఎరుపే! గుట్టెక్కు." రాతి మీద గీసిన మాట కదా. అడవంతా వింటోంది కదా.

చివరి మేకపిల్ల తోక కూడా గుట్ట మీద మలుపు తిరిగాక పులిదొర తుమ్మడం ఆపి చుట్టూ చూశాడు. యార్డు ఖాళీ. చిత్తడి ఖాళీ. కోతులు పదహారు ఆమడల దూరంలో ఏ చెట్టు మీదున్నాయో తెలియదు. కొండంత మంచి కారం ఉంది. చల్లుకోవడానికి ఏమీ లేదు. మాట మీద నమ్మకం ఎంతున్నా, ఇరుకైన గుహ ముఖం దగ్గర కాశెమ్మ కొమ్ములు బయటికి పెట్టుకునే పడుకుంది. దూడ ఆమె వెనకాల, పొడి నేల మీద నిలబడటం నేర్చుకుంటోంది. గుర్నాథం వీపు మీద బరువేమీ లేక, ఎలా నడవాలో తెలియక, ఊరికే పైకి ఆకాశం వంక చూస్తున్నాడు. గుంజ మీద పుంజు కూడా లేడు. పోతూ పోతూ రెండు పట్టాలూ పీకి, చింపి, పీలికలని గుహ చుట్టూ తోరణాలుగా కట్టాడు.

రెండు రోజులకి మొదటి చినుకు పడింది. చిత్తడిలో మోకాళ్ళ దాకా దిగబడి, బక్కచిక్కిన పానకాలు ఒక్కడే నిలబడి ఉన్నాడు. పులిదొర గుప్పెడు కారం తీసుకుని, ఆవలిస్తూ, అటువైపు నడిచాడు.

"పానకాలూ, నువ్వు కారంతో బాగుంటావా?"

"ప్రభూ, నేను... నన్ను ఒక్కసారి పచ్చ పందిరి కింద చూడండి ప్రభూ, నేను అసలు తినడానికి పనికిరాను!"

"పందిరేదీ?" అన్నాడు పులిదొర.

నీ రంగు తేలుస్తానని ఎవడైనా వస్తే, ముందు వాడు నిన్ను ఏ వెలుగులో నిలబెట్టాడో తల ఎత్తి చూడు.